రెండూ ఎడమ చేతులే

నాకు అనుమానం ఎక్కువని మా వీధిలో అందరూ అంటారు. ఎవరెవరు అన్నారో, ఎవరి దగ్గర అన్నారో కూడా నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా గుండీలూ దారాలూ అమ్ముకుంటున్నదాన్ని. గుప్పెడు గుండీలు తీసుకుని, చూసి, తిరిగి డబ్బాలో పోసేవాళ్ళ వేళ్ళ సందున ఎన్ని మిగిలిపోతాయో కళ్ళారా చూసినదాన్ని. ఇంత చూశాక కూడా మనుషుల్ని నమ్మితే ఆ తప్పు నాదవుతుంది. నన్ను గుండీలక్క అంటారు. అది పేరో వెక్కిరింతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నా కొట్టుకూ మాస్టరు కొట్టుకూ మధ్య ఒకటే గోడ. మాస్టరంటే బట్టలు కత్తిరించే మాస్టరు. కుట్టేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు, కోసేవాడు దొరకడం కష్టం. పదహారో ఏట కాజాలు కుట్టడంతో మొదలుపెట్టాడు. గురువు ఏడేళ్ళ దాకా చేతికి కత్తెర ఇవ్వలేదట, ఇచ్చాక వెనక్కి తీసుకునే అవసరం రాలేదట. మనిషి గుమ్మంలో అడుగుపెట్టగానే, "మీరు సంచి ఎప్పుడూ ఎడమ భుజానికే తగిలిస్తారు కదూ" అని అడిగేవాడు. వచ్చినాయన తన వెనక ఎవరినైనా నిఘా పెట్టారేమోనని వెనక్కి తిరిగి చూసుకునేవాడు. నిఘా లేదు, పాడూ లేదు. సంచి బరువుకు ఆ భుజం అర అంగుళం దిగి ఉంటుంది, మాస్టరు కంటికి అది కనిపిస్తుంది, అంతే.

కొట్టు మధ్యలో ఏడడుగుల బల్ల. ఏళ్ళ తరబడి అతని పొట్ట ఆనుకుని ఆనుకుని ఒకవైపు అంచు నున్నగా అరిగిపోయింది. వెనక గోడకు ఒక చెక్క పలక, దాని మీద అతనే రాసుకున్న అక్షరాలు: "కత్తెర ఆడుతుండగా మాట్లాడరాదు." ఉత్త మాటనుకునేరు, ఆ కొట్టుకు అదే చట్టం. మాస్టరు చేతిలోకి కత్తెర వచ్చిందంటే మిషన్లు ఆగిపోయేవి. దగ్గు వచ్చినవాడు బయటికెళ్ళి దగ్గి వచ్చేవాడు. ఒకసారి దారం రంగు చూపించడానికి వెళ్ళి నేను నోరు తెరిస్తే, కోత ఆపి నా వైపు ఒక చూపు చూశాడు. నా తోడబుట్టినవాడు అలా చూసినా ఊరుకునేదాన్ని కాదు. ఆ రోజు మాత్రం దారం పట్టుకుని నోరు మూసుకుని వెనక్కొచ్చాను.

మూడేళ్ళ కిందట బ్యాంకు మేనేజరొకాయన కోటు బట్ట తెచ్చాడు. ఉద్యోగం చివరి రోజున తొడుక్కోవాలని పదకొండేళ్ళు బీరువాలో దాచుకున్న బట్ట. ఇప్పుడు అలాంటిది దొరకదు. కొలతకు సరిగ్గా సరిపోయేంతే ఉంది, జానెడు కూడా ఎక్కువ లేదు. మాస్టరు దాన్ని ఒక పూటంతా బల్ల మీద అటు పరిచి ఇటు పరిచి, ముక్కలు కలిసొచ్చేలా సర్ది, కత్తెర వేశాడు.

ఇక్కడ చేతుల సంగతి ఒకటి చెప్పాలి. చొక్కాకైనా కోటుకైనా, చెయ్యి వెళ్ళి చంక దగ్గర అతుక్కునే చోట ముందువైపు కాస్త లోతుగా, వెనకవైపు కాస్త నిండుగా కోస్తారు. అందుకే ఎడమ చెయ్యి వేరు, కుడి చెయ్యి వేరు. బట్టను ముఖానికి ముఖం, అంటే మంచివైపుకు మంచివైపు కలిపి మడిచి రెండు పొరలూ ఒకేసారి కోస్తే జత వచ్చేస్తుంది. అలా కాకుండా రెండు ముక్కల్నీ ముఖం పైకే పెట్టి ఒకదాని మీద ఒకటి పరిచి కోస్తే, రెండూ ఒకే చేతివి వస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసే తప్పది. బట్ట కలిసి రావాలని ముక్కలు సర్దుతూ సర్దుతూ అంతటి చెయ్యీ ఆ తప్పు చేసింది. రెండూ ఎడమ చేతులే వచ్చాయి. బట్టకు మెరుపు ఒకవైపే ఉంది కాబట్టి తిరగేసి కుట్టడానికీ లేదు.

మేనేజరు తిట్టలేదు. "పోనీలెండి మాస్టారూ, పాత కోటు ఉందిగా" అన్నాడు. తిట్టినా బాగుండేది. తిట్టు నాలుగు రోజులకు పాతబడిపోతుంది. ఈ "పోనీలెండి" మూడేళ్ళయినా మాస్టరును వదల్లేదు.

ఆ మర్నాడే బల్ల మీద పాత దుప్పటి కప్పేశాడు. కత్తెర డబ్బాలో పడేశాడు. చంకలకూ కాలర్లకూ ఏళ్ళ తరబడి మందపాటి కాగితం మీద కోసి పెట్టుకున్న అచ్చులన్నీ ఇంటికి మోసుకెళ్ళి, "చించి పొయ్యిలో పెట్టు" అని భార్య చేతికిచ్చాడు. అప్పటినుంచి ఆ కొట్లో జరిగేదల్లా జిప్పులు మార్చడం, అంచులు మడిచి కుట్టడం, ఊడిన గుండీ వేయడం. పదింటికి రావాల్సినవాడు పదకొండుకు వచ్చి బల్లకు వీపు పెట్టి కూర్చునేవాడు. కొత్త బట్ట ఎవరైనా తెస్తే ఎదురుగా ఉన్న గాజు తలుపుల కొట్టు వైపు వేలు చూపించేవాడు. గడ్డం గీసుకోవడం వారానికోసారికి వచ్చింది. ఏదడిగినా ఒకటే జవాబు, "చూద్దాంలే అక్కా." మూడేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు.

ధైర్యం చెప్పేవాళ్ళకు మాత్రం కొదవ లేదు. ఒకాయన పొద్దున్నే లేచి గంటసేపు నడవమన్నాడు. బావమరిది ఒక డైరీ తెచ్చిచ్చి, రోజూ అందులో ఆ రోజు సాధించాల్సిన మూడు పనులు రాసుకోమన్నాడు. మాస్టరు దానికి సూదులు గుచ్చి పెట్టుకుంటున్నాడు. ఆ బావమరిది మొదలుపెట్టిన పని ఒక్కటి పూర్తి చేయగా నేనింతవరకూ చూడలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

గాజు తలుపుల కొట్టు జెట్టుది. మిషను తొక్కే వేగం చూసి మాస్టరే పెట్టిన పేరది. ఎనిమిదేళ్ళు మాస్టరు దగ్గర కుట్టి, కోటు పాడైన ఆర్నెల్లకు రోడ్డు అవతల సొంత కొట్టు తెరిచాడు. మాస్టరు పడుతున్న బాధ వాడికి పట్టిందా అంటే, ఎద్దు పుండు కాకికి నొప్పా అనుకున్నాను. ఇప్పుడు వాడి కన్ను బల్ల మీద పడింది. "ఎలాగూ వాడటం లేదుగా మాస్టారూ, నాకిచ్చెయ్యండి" అన్నాడు. మాస్టరు ఎప్పుడూ లేనిది, "చూద్దాంలే" అనకుండా, "వచ్చే శనివారం పట్టుకెళ్ళు" అనేశాడు.

నాకు గుండెలో రాయి పడింది. బల్ల గుమ్మం దాటిందంటే ఈ మనిషి ఇక కత్తెర పట్టడు. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసే ఇచ్చేస్తున్నాడని, ఆశ అనేది మిగలకుండా చేసుకుంటే హాయిగా ఉంటుందనుకుంటున్నాడని నా అనుమానం.

ఆ శనివారం ఇంకా ఐదు రోజులుందనగా, సోమవారం పొద్దున మాస్టరు కొట్టు తలుపు పిడికి ఒక గుడ్డ సంచి వేలాడుతూ కనిపించింది. కాసేపటికి గోడ అవతల నుంచి పిలుపు వినిపించింది.

"అక్కా, ఒకసారి ఇలా రా."

ఆ గొంతులో కోపం ఉంది. మూడేళ్ళలో అతనికి కోపం రావడం అదే మొదలు, అందుకే పరిగెత్తాను.

సంచిలో సగం కుట్టిన చొక్కా ఉంది. సన్నని ఆకుల అచ్చున్న బట్ట, అచ్చు ఒకవైపే కనిపిస్తుంది. కాలరు లేదు, గుండీలు లేవు, చేతులు మాత్రం అతికించి ఉన్నాయి. రెండు భుజాల దగ్గరా సుద్దతో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీతలు గీసి ఉన్నాయి. మాస్టరు కొట్లో ఆ గుర్తుకు "విప్పి మళ్ళీ కుట్టు" అని అర్థం. బయటివాళ్ళకు తెలిసే గుర్తు కాదది.

"చేతులు చూడు" అన్నాడు.

చూశాను. రెండూ ఎడమ చేతులే.

నాకు ఒళ్ళు మండిపోయింది. పడ్డ మనిషిని లేపకపోతే మానె, కాలితో తన్నాలా?

"కోటు సంగతి ఎంతమందికి తెలుసక్కా?"

"నీకు, జెట్టుకు, మేనేజరుకు, నాకు."

"మేనేజరు ఇలాంటి పని చెయ్యడు" అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు.

"ఏంటయ్యా ఆ చూపు?"

"దారం నీ కొట్లోదే కదా."

"ఈ వీధిలో దారమంతా నా కొట్లోదే. నీ ఒంటి మీది చొక్కా దారం కూడా నాదే. ఇన్నేళ్ళు పక్కనున్నదాన్ని, నన్ను అనుమానిస్తావా?"

"నువ్వు అనుమానించని మనిషంటూ ఎవరైనా ఉన్నారా?"

మాట నిజమే. అందుకే ఇంకా కోపం వచ్చింది.

వెలుతురు చాలక, అతను బల్ల మీది దుప్పటిని సగం వెనక్కి తోసి చొక్కాను దాని మీద పరిచాడు. దుప్పటి తీశానన్న ధ్యాస కూడా అతనికి లేదు. నేను చూసీచూడనట్టు ఊరుకున్నాను.

"కోసింది పెద్ద కత్తెర కాదు. వంపు తిరిగే చోట మూడుసార్లు ఆగింది. కుట్టింది కాలి మిషను. మొదట్లో కుట్టు ఊడిపోతుందేమోనని వెనక్కి వెనక్కి వేశారు. భయపడే చెయ్యి ఇది." వేలు పెట్టి చంక వంపు వెంట నడిపించాడు. సగంలో వేలు ఆగిపోయింది. "అక్కా, ఈ చంక నాది."

"నీదేంటి?"

"ఈ వంపు ఇలా ఇంకెవరూ కొయ్యరు. ఇది నా అచ్చు పెట్టి కోసిందే. పొయ్యిలో పెట్టమన్న అచ్చు!"

"అయితే ఇంకెవడు, జెట్టే. ఇంటికి పోకముందే ఎత్తుకుని ఉంటాడు. నీ మనసు పూర్తిగా విరిగిపోతే బల్ల విషయంలో నువ్వు మళ్ళీ మాట మార్చవు కదా. అదీ వాడి ఎత్తు."

ఎవరినైనా అనుమానించాక నాకు కాస్త ప్రశాంతంగా ఉంటుంది. మాస్టరుకు అలా లేదు. మర్నాడు పొద్దున పది కాకుండానే వచ్చాడు, గడ్డం గీసుకుని. చొక్కా చంకలో పెట్టుకుని రోడ్డు దాటాడు. ఎదురు కొట్టుకు అతను వెళ్ళడం అదే మొదటిసారి. వెనకాలే నేనూ వెళ్ళాను. సాక్ష్యానికి ఒకరుండాలి కదా.

జెట్టు చొక్కా చూసి ముందు ఉలిక్కిపడ్డాడు. ఆ తర్వాత మొహం గంటు పెట్టుకున్నాడు.

"బల్ల ఇవ్వడం ఇష్టం లేకపోతే నోటితో చెప్పొచ్చుగా మాస్టారూ. ఈ నాటకం ఎందుకు?"

"నాటకం నాదా? నా అచ్చులు ఎత్తుకుపోయి కోసింది నువ్వు కాదా?"

"మీ అచ్చులతో నాకేం పని? ఇటు చూడండి." గోడకు తగిలించిన ప్లాస్టిక్ అచ్చులు చూపించాడు. "అయిదు సైజులు. చేతికి ముందూ వెనకా తేడానే లేదు, రెండు వైపులా ఒకటే కోత. అటు పెట్టినా ఇటు పెట్టినా అతుక్కుంటుంది. అసలు ఎడమా కుడీ ఉంటే కదా నేను తప్పు చెయ్యడానికి!"

మాస్టరు ఆ అచ్చుల వైపు చూసిన చూపులో జాలి ఉంది. నేను మాత్రం వదల్లేదు.

"పోనీ, కోటు సంగతి ఎవరికైనా చెప్పావా? నిజం చెప్పు."

జెట్టు మొహంలో రంగు మారిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది వాడి వాలకం. దొరికాడనుకున్నాను.

"ఎవరికీ చెప్పలేదక్కా. అది చెప్పుకునే సంగతి కాదు." కాసేపు టేపు వేలికి చుట్టుకున్నాడు, విప్పుకున్నాడు. "మాస్టారూ, ఆ రోజు నేను చూశాను."

"ఏం చూశావ్?"

"మీరు ముక్కలు పరిచినప్పుడే చూశాను. రెండూ ముఖం పైకే ఉన్నాయి."

"చూసి?"

జెట్టు తల దించుకున్నాడు. "మీ చేతిలో కత్తెర ఉంది."

నేను వాణ్ణి కడిగేద్దామని నోరు తెరిచాను. మాస్టరు చెయ్యెత్తి ఆపాడు.

"మాస్టరుకు తెలియకుండా ఉంటుందా, ఏదో లెక్క ఉండే ఉంటుందిలే అనుకున్నా" అన్నాడు జెట్టు. "కోత పడ్డాక ఇంకేం చెప్తాను? మీరు బల్లకు వీపు పెట్టి కూర్చుంటే చూడలేకపోయా. అందుకే వచ్చేశాను. మీకు పోటీ పెట్టాలని కాదు."

మాస్టరు చొక్కా తీసుకుని తన కొట్టుకు వచ్చాడు. గోడ మీది పలక ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది రాసింది నేనే కదా అక్కా."

"నువ్వే. అక్షరాలు కూడా వంకర" అన్నాను.

జెట్టును నేను పూర్తిగా నమ్మలేదు. ఏడుపు మొహం పెట్టినవాళ్ళందర్నీ నమ్మితే నా కొట్లో గుండీలు మిగలవు. ఆ సంచి తగిలించిన చెయ్యి ఎవరిదో పట్టుకుని తీరాలనుకున్నాను. బుధవారం నుంచి పొద్దున ఏడింటికే కొట్టు తెరిచి, దారాల అర వెనక ముక్కాలిపీట వేసుకుని కాపలా కూర్చున్నాను. పేపరు వేసే మనిషి మాస్టరు తలుపు దగ్గర ఒక క్షణం ఎక్కువ ఆగాడు, గుర్తు పెట్టుకున్నాను. ఇస్త్రీ చేసేవాడు చంకలో మూట పెట్టుకుని పోతూ నన్ను చూసి నవ్వాడు, ఎందుకు నవ్వినట్టు? కుక్కను తిప్పే ఆవిడ రోజూ అటు పోయేది, గురువారం ఇటు పోయింది. ఎవరినీ వదల్లేదు నేను.

శుక్రవారం పొద్దున మాస్టరు భార్య కూరగాయల సంచి పట్టుకుని వచ్చింది. అతను నన్ను అక్కా అంటాడు కాబట్టి ఆమెకు నేను వదినను, నాకు ఆమె మరదలు.

"ఇంత పొద్దున్నే కొట్టు తీశావేంటి వదినా?"

"నిద్ర పట్టలేదమ్మాయ్. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?"

"అలాగే ఉంది. కింద కూర్చుంటే లేవలేకపోతున్నా."

"కింద ఎందుకు కూర్చుంటావు మరి?" అని, గుమ్మం ఊడుద్దామని లోపలికెళ్ళి చీపురు తెచ్చేసరికి వీధిలో ఎవరూ లేరు. మాస్టరు తలుపుకు రెండో సంచి వేలాడుతోంది. నా కళ్ళు కప్పి పోయాడే దొంగ అని పళ్ళు నూరుకున్నాను తప్ప, నా బుర్రకు అప్పటికీ ఏమీ తట్టలేదు.

మాస్టరు రాగానే విప్పాం. అదే ఆకుల బట్ట. ఈసారి కాలరు ఉంది, గుండీలు కూడా ఉన్నాయి. మాస్టరు చేతులు పట్టి చూసి, మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు.

"అక్కా, ఈసారి రెండూ కుడి చేతులు."

"వాడి చేతులు పడిపోను!"

"తిట్టకు. ఆలోచించు. నన్ను ఎగతాళి చెయ్యాలనుకునేవాడైతే మళ్ళీ ఎడమలే పంపుతాడు. అవే కదా నాకు గుచ్చుకునేవి. కుడివి ఎందుకు పంపుతాడు?"

"ఎందుకు?"

"ఇది ఎగతాళి కాదు. మొదటిసారి రెండూ ఎడమలొచ్చాయి. దిద్దుకుందామని అచ్చు తిరగేసి కోశారు. ముక్కలు పరవడం మాత్రం మళ్ళీ అలాగే పరిచారు. పాపం, ఎవరో నేర్చుకుంటున్నారు."

నేను అతని మాట వింటూ గుండీల వైపు చూస్తున్నాను. నా కళ్ళు ఎక్కడున్నా గుండీల మీదికే పోతాయి. నాలుగు కన్నాల ఆకుపచ్చ గుండీలు, అంచు వెంట సన్నని గీత. ఆ రకం ఎవరూ కొనక, ఓ డబ్బాడు మిగిలిపోతే మూడేళ్ళ కిందట ఒకరికి ఊరికే ఇచ్చేశాను. దిండు గలీబులకు వేసుకుంటానని అడిగిందామె.

"లేవయ్యా" అన్నాను, రెండు చొక్కాలూ చేతిలోకి తీసుకుని. "మీ ఇంటికి పోదాం."

"ఇప్పుడెందుకు?"

"పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికాం. లే!"

వాళ్ళిల్లు రెండు సందుల అవతల. ముందు గదిలో మంచం, కిటికీ పక్కన పాత కాలి మిషను. తలుపు తీసే ఉంది. మరదలు మాకు వీపు పెట్టి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. జడలో పెన్సిలు గుచ్చుకుని ఉంది. చుట్టూ మందపాటి కాగితం అచ్చులు, మాస్టరువే, మడతలు పడి ఉన్నాయి. ముందు అదే ఆకుల బట్ట, చేతిలో వంటింటి కత్తెర.

నేను పిలవబోయి, అలవాటుకొద్దీ నోరు మూసుకున్నాను. ఆమె చేతిలో కత్తెర ఉంది మరి.

మాస్టరు గడప మీదే నిలబడిపోయాడు. నాకంటే ముందే అతను చూశాడు. రెండు ముక్కలూ ఆకుల ముఖం పైకే పెట్టి ఒకదాని మీద ఒకటి పరిచి ఉన్నాయి. ముచ్చటగా మూడోసారి. కత్తెర నోరు తెరుచుకుని బట్ట అంచును పట్టుకుంది. మాస్టరు గొంతు కదిలింది, మాట రాలేదు. తను పెట్టిన చట్టం తన నోటికే అడ్డం పడిందని నాకు అర్థమైంది.

"ఆగు!"

ఇల్లు అదిరేలా అరిచాడు. మరదలు చేతిలోంచి కత్తెర జారి కింద పడింది. ఇటు తిరిగి మమ్మల్ని చూసి, రెండు చేతులతో అచ్చుల్ని కప్పేసింది.

"తిట్టకండి. చించమన్నారు, నాకు చేతులు రాలేదు."

"ఎక్కడ దాచావ్?"

"పరుపు కింద. మూడేళ్ళుగా మీరు వాటి మీదే పడుకుంటున్నారు."

మాస్టరు మంచం వైపు చూశాడు. ఇంకా అనుమానం పోలేదు మనిషికి.

"నన్ను దెప్పడానికా ఆ రెండు ఎడమ చేతులు?"

"దెప్పడమేంటి? అదే కదా నాకు అంతుపట్టనిది! ఎలా కోసినా రెండూ ఒకే వైపువి వస్తున్నాయి. అడిగితే అచ్చుల సంగతి బయటపడుతుంది. ఎవరో ఇచ్చినట్టు తలుపుకు తగిలిస్తే మీరు విప్పి కుడతారు, అది చూసి నేర్చుకుందామనుకున్నా. మీరేమో వారమంతా ముట్టుకోలేదు."

"కోటు సంగతి తెలియదా నీకు?"

"కోటు పాడైందన్నారు. ఎలా పాడైందో ఎప్పుడైనా చెప్పారా? అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నారు."

మాస్టరు గడప మీదే కూర్చున్నాడు. నేల వైపు చూస్తూ చెప్పాడు. "రెండూ ఎడమ చేతులు కోశాను."

మూడేళ్ళలో ఆ మాట అతని నోటివెంట రావడం నేను వినలేదు. ఏమంటుందోనని మరదలి వైపు చూశాను.

"అంతేనా?" అంది ఆమె.

"అంతేనా ఏంటి?"

"ఇంకేదో అనుకున్నా ఇన్నాళ్ళూ. నేను ఒక్క వారంలో రెండుసార్లు చేశాను. ఇప్పుడు మీరు అరవకపోతే మూడోసారి కూడా అయ్యేది."

ఆమె పైకి లేవబోయి, మోకాలు సహకరించక మళ్ళీ కూర్చుంది.

"బల్ల ఇచ్చేస్తున్నారని తెలిసి భయమేసిందండీ. బల్ల పోతే పోనీ. ఈ వంపు కోసే చెయ్యి ఇంట్లో ఒకటైనా ఉండాలనుకున్నా. మీరు కోసిన చొక్కా తొడుక్కుని వెళ్ళే మనుషుల్ని చూస్తే నాకు ఎంత గర్వంగా ఉండేదో మీకేం తెలుసు!"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడమెందుకు, వచ్చింది. ఆమె నిజంగానే తప్పు కోసిందా, లేక అంతా తెలిసే ఆడిన ఆటా అని కళ్ళు తుడుచుకుంటూ ఆమె మొహంలో వెతికాను. మోసం కనిపించలేదు. అయినా వీసమంత అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. అది నా జబ్బు, పోదు.

నా చేతిలో ఉన్న రెండు చొక్కాలూ తీసుకుని మాస్టరు నేల మీద పక్కపక్కనే పరిచాడు. బ్లేడు అడిగి కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. మరదలు వంగి చూస్తూ ఉన్నట్టుండి చప్పట్లు కొట్టింది.

"దీనికి రెండు ఎడమలు, దానికి రెండు కుడులు. ఇదొకటి అటు, అదొకటి ఇటు వేస్తే రెండు చొక్కాలూ బాగైపోయినట్టే కదండీ!"

మాస్టరు నవ్వాడు. చాలాకాలం తెరవని సొరుగులా ఆ నవ్వు ముందు పట్టేసి, తర్వాత ఒక్కసారిగా వచ్చింది.

శనివారం తొమ్మిదింటికి ఇద్దరు మనుషుల్నీ తాళ్ళనూ వెంటబెట్టుకుని జెట్టు వచ్చాడు. అప్పటికి నేను మాస్టరు కొట్లోనే ఉన్నాను. మా ఆయన చొక్కాకని పొద్దున్నే ఒక బట్ట తీసుకెళ్ళి ఇచ్చాను. ముఖం ఒకవైపే ఉన్న బట్ట, కొలతకు సరిగ్గా సరిపోయేంతే, జానెడు ఎక్కువ లేకుండా. కావాలనే అలాంటిది ఇచ్చాను. ఎవరినీ నమ్మనిదాన్ని, ఎందుకిచ్చానో మాస్టరుకు తెలుసు. బట్టను వేళ్ళతో నిమిరి, నన్నొకసారి చూసి తీసుకున్నాడు.

దుప్పటి మడిచి మూలన పెట్టి ఉంది. గోడ మీద పలక ఉండే చోట తెల్లటి మచ్చ మిగిలింది. పలకేమో బల్ల మీద, బట్ట కదలకుండా బరువుకు పెట్టి ఉంది, అక్షరాలు కిందికి. ఒకవైపు మాస్టరు, ఎదురుగా మరదలు. అతని చేతిలో పెద్ద కత్తెర ఉంది. అది బట్ట అంచు దాకా వెళ్ళి ఆగి ఉంది.

జెట్టు గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనకున్న ఇద్దర్నీ మాట్లాడొద్దని సైగ చేశాడు. ఎనిమిదేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ఒక్కరూ కదల్లేదు.

"ఏంరా, నోరు లేదా నీకు?" అన్నాడు మాస్టరు తలెత్తకుండానే.

జెట్టు నా వైపు చూశాడు. నేను దిక్కులు చూశాను.

"లోపలికొచ్చి చూసి చెప్పు. జతేనా?"

జెట్టు తాళ్ళు కింద పెట్టి, షర్టుకు చేతులు తుడుచుకుని వచ్చాడు. బట్ట అంచు రెండు వేళ్ళతో ఎత్తి, కింది ముక్క ముఖం ఎటుందో చూశాడు. మళ్ళీ ఒకసారి చూశాడు.

"జతే మాస్టారూ."

"నువ్వు చెప్పవే" అన్నాడు భార్యతో.

"జతేనండీ."

"అక్కా?"

"నన్నడుగుతావేంటి, నాకసలే నమ్మకం తక్కువ" అంటూనే వెళ్ళి నేనూ అంచు ఎత్తి చూశాను. జతే.

అప్పుడు కత్తెర వేశాడు. కోస్తున్నంతసేపూ నేను దారం రంగు గురించి, మరదలు మోకాలి గురించి, జెట్టు తన అచ్చుల గురించి మాట్లాడుతూనే ఉన్నాం. నడుమ ఏ ఒక్కరం ఆగినా, "ఊఁ, తర్వాత?" అనేవాడు మాస్టరు. జెట్టు వెళ్ళేటప్పుడు తాళ్ళు వెనక్కి పట్టుకెళ్ళాడు. బల్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.